టెక్సస్ కొండల జునిపర్‌ను గుర్తుపట్టడం, వాడుకోవడం

ఆస్టిన్, శాన్ ఆంటోనియో పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తుమ్ములు, కళ్ళ దురద తెచ్చిపెట్టే ‘సీడర్ ఫీవర్’ సుపరిచితమే. పేరులో సీడర్ ఉన్నప్పటికీ దానికి కారణమైన చెట్టు మన దేవదారు జాతిది కాదు. ఆ సున్నపురాతి కొండల్లో సహజంగా పెరిగే యాష్ జునిపర్.

ముందుగా చెట్టు మొదలు చూడండి. యాష్ జునిపర్ సాధారణంగా నేలకు దగ్గరలోనే పలు కాండాలుగా చీలి గుబురుగా ఉంటుంది. దాని దాయాది అయిన ఈస్టర్న్ రెడ్ సీడర్ ఎక్కువగా ఒకే కాండంతో నిటారుగా ఎదుగుతుంది. ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. ముదిరిన రెమ్మను భూతద్దంతో పరిశీలిస్తే, రెండింటి ఆకులూ కొమ్మను అంటుకున్న పొలుసుల్లాగే ఉన్నా, యాష్ జునిపర్ పొలుసు అంచున అతిసన్నని రంపపు పళ్ళు, వెన్నున గుండ్రంగా ఉబ్బిన గ్రంథి కనిపిస్తాయి. రెడ్ సీడర్‌లో అంచు నున్నగా, గ్రంథి పొడవుగా ఉంటుంది. లేత మొక్కలకు సూదుల్లాంటి ఆకులుంటాయి కనుక వాటిపై ఈ పరీక్ష పనికిరాదు.

నీలిరంగు కాయలు ఆడచెట్లకే కాస్తాయి. మగచెట్ల కొనలు చలికాలంలో నారింజ ఛాయ గల గోధుమరంగుకు తిరిగి, పొడిగాలి వీచిన రోజున పుప్పొడిని పొగలా వదులుతాయి. అలర్జీ ఉన్నవారు కొమ్మలు కొట్టే పని వేరే కాలానికి పెట్టుకోవాలి.

దీని చేవ త్వరగా కుళ్ళదు. అందుకే కంచె గుంజలకు వాడతారు, దాని నుంచి సుగంధ తైలమూ తీస్తారు. ఎర్రని చేవ గల రెడ్ సీడర్ బట్టల పెట్టెలకు, ఒకప్పుడు పెన్సిళ్ళకు పేరుపొందింది. జిన్ మద్యానికి వాసననిచ్చే జునిపర్ వేరొక జాతి. కాబట్టి పెరటి చెట్టు కాయలను వంటలో వేయకండి.

పచ్చని కొమ్మ మిగలకుండా మొదలంటా నరికితే యాష్ జునిపర్ మళ్ళీ చిగురించదు. కనుక పచ్చికలోకి పాకిన చిన్నవాటినే తొలగించి, బెరడు పొడవాటి పీలికలుగా ఊడుతున్న ముదురు చెట్లను వదిలిపెట్టండి. మధ్య టెక్సస్‌లో మాత్రమే గూడు కట్టే గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే పిట్ట ఆ పీలికలనే సాలెగూటి దారాలతో కలిపి అల్లుకుంటుంది. 1990లో దానిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.