విండోస్ అప్‌డేట్ నొక్కే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి, 11కి మారుదామనుకుంటున్న వాళ్లందరికీ.

- బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముందు ఇదే. 2024 జులై అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు ఆన్ చేయగానే నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగాయి, అది దొరక్కపోతే పిల్లల ఫోటోలైనా ఆఫీసు ఫైళ్లైనా మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ఫోన్లో ఇప్పుడే చూడండి, ఉండే ఉంటుందిలే అని వదిలేయొద్దు ప్లీజ్.

- ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి పక్కన పెట్టండి. డీ డ్రైవ్‌లో పెడితే అది బ్యాకప్ కాదు, చాలా ల్యాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్.

- 8 జీబీ ఖాళీ పెన్ డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ చేసి ఉంచుకోండి. సిస్టమ్ ఆగిపోయాక చేద్దామంటే ఇంకొకరి ల్యాప్‌టాప్ అడుక్కోవాలి.

- అదే కంప్యూటర్లో విండోస్ పక్కన ఉబుంటు లాంటి లినక్స్ (ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉంటే దాని ఇన్‌స్టాలర్ పెన్ డ్రైవ్ కూడా చేసి ఉంచుకోండి. 2024 ఆగస్టు అప్‌డేట్ తర్వాత చాలామందికి లినక్స్ బూట్ కాలేదు.

- డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే గాలివాన రోజు మొదలుపెట్టొద్దు. 30 శాతం దగ్గర అరగంట కదల్లేదని టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి, డిస్క్ లైటు మిణుకుమంటోందంటే లోపల పని నడుస్తున్నట్టే.