నాన్నమ్మ చెప్పిన పేర్లు మళ్లీ దొరికాయి

మా వంశవృక్షం అందరూ చూసుకునేలా ఇంట్లోని పాత కంప్యూటర్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, వంశవృక్షాలను బ్రౌజర్‌లో చూపే వెబ్‌ట్రీస్ అనే ప్రోగ్రామ్ పెట్టాను. మొదట, అది నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీ భాషకు ఇంటల్ (intl) అనే అదనపు భాగం లేదని ఆగింది. అది వేసి, డేటా ఫోల్డర్‌కు రాసే అనుమతి ఇచ్చాను, సరిపోయింది.

అసలు టెన్షన్ తర్వాతే. వంశవృక్ష వివరాలుండే జెడ్‌కామ్ (GEDCOM) ఫైల్ ఎక్కిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు! నాన్నమ్మ చెబుతుంటే ఏడాదిపాటు రాసుకున్నవి. డేటాబేస్‌లో తప్పుందేమోనని రెండు రాత్రులు వెతికాను. చివరికి ఆ ఫైల్‌నే నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, అందులోనే ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఆ ఫైల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసిన పాత ప్రోగ్రామ్‌లో నేను ఆన్సీ (ANSI) అనే అక్షరాల ఎన్‌కోడింగ్ ఎంచుకున్నాను. అందులో తెలుగు అక్షరాలు నిలవవు. తెలుగునూ దాచగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాక ప్రతి పేరూ వచ్చింది.

ఇంకొకటి: జెడ్‌కామ్‌లో ఇంటిపేరు రెండు స్లాష్‌ల మధ్య ఉండాలి. మన పద్ధతిలో దాన్ని పేరుకు ముందు రాసుకోవచ్చు, నేను అలాగే ఉంచాను.