మన కంప్యూటర్ మనమే చూసుకుందాం – 4వ పాఠం: లైటు వెలుగుతుంది, డ్రైవ్ కనిపించదు

పోయిన పాఠంలో కేబుల్, పోర్ట్ సంగతి చూశాం. పెన్‌డ్రైవ్‌ని ఇంకో పోర్ట్‌లోనూ, ఇంకో కంప్యూటర్‌లోనూ పెట్టి చూడమన్నాను. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్‌లో డేటా తీగలు ఉండవని కూడా చెప్పుకున్నాం. అవన్నీ చేశాక కూడా ఒక చిక్కు మిగలవచ్చు. డ్రైవ్ పెట్టగానే లైటు వెలుగుతుంది, కంప్యూటర్ చప్పుడు కూడా చేస్తుంది, కానీ 'దిస్ పీసీ' తెరిస్తే అక్కడ ఏమీ ఉండదు. ఈ పాఠమంతా దాని గురించే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీ ఫైళ్లున్న డ్రైవ్ విషయంలో తెర మీద ఫార్మాట్, ఇనిషియలైజ్, డిలీట్ వాల్యూమ్ అనే మాటలు కనిపిస్తే నొక్కకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఆ చప్పుడు వచ్చిందంటే కంప్యూటర్‌కి, డ్రైవ్‌కి మధ్య మాట కలిసిందన్నమాట. "నేను ఫలానా వస్తువుని" అని డ్రైవ్ చెప్పింది, కంప్యూటర్ విన్నది. ఆ తర్వాత ఇంకా మూడు పనులు జరగాలి. డ్రైవ్‌లోని పార్టిషన్‌ని, అంటే ఫైళ్ల కోసం విడదీసిన భాగాన్ని గుర్తించాలి, అందులో ఫైళ్లు రాసుకున్న పద్ధతిని చదవగలగాలి, చివరికి దానికి డి, ఈ, ఎఫ్ లాంటి ఒక అక్షరం ఇవ్వాలి. దీన్నే డ్రైవ్ లెటర్ అంటాం. ఇల్లు ఉండి డోర్ నంబర్ లేకపోతే పోస్ట్‌మ్యాన్‌కి దొరకనట్టే, అక్షరం లేని డ్రైవ్ మీకు దొరకదు. కాబట్టి పని ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోవాలి. అది తెలియకుండా ఏది నొక్కినా చీకట్లో వెతుకులాటే.

కీబోర్డ్‌లో విండోస్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కండి. వచ్చే మెనూలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' ఎంచుకోండి. కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అంటూ అడ్డంగా పట్టీలు కనిపిస్తాయి. మామూలుగా డిస్క్ 0 కంప్యూటర్ లోపలిదే, దాని జోలికి వెళ్లకండి. మీ డ్రైవ్ ఏదో తేల్చుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. ఆ కిటికీ తెరిచి ఉంచి డ్రైవ్‌ని తీయండి, మళ్లీ పెట్టండి. ఏ పట్టీ మాయమై తిరిగొచ్చిందో అదే మీది. సైజు కూడా సరిపోల్చుకోండి.

ఇప్పుడు ఆ పట్టీలో ఏముందో చదవండి.

ఫైళ్లు రాసుకున్న పద్ధతి పేరు, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ లాంటిది ఉండి, పక్కన 'హెల్దీ' అని ఉండి, అక్షరం మాత్రం లేకపోతే సంతోషించండి. మీ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి. పట్టీ మీద రైట్ క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్' తెరవండి. 'యాడ్' నొక్కి ఒక అక్షరం ఇచ్చి ఓకే చేయండి. నేనైతే ఎం తర్వాతి అక్షరం ఏదో ఒకటి ఇస్తాను, ఎందుకంటే ముందు అక్షరాలు వేరే డ్రైవ్‌లకి త్వరగా అయిపోతాయి. ఆఫీసుల్లో నెట్‌వర్క్ ఫోల్డర్లకి కూడా ఇవే అక్షరాలు ఇస్తారు కాబట్టి అక్కడ ఈ గొడవ ఎక్కువ. కొత్తగా పెట్టిన ప్రతి డ్రైవ్‌కీ అక్షరం రావడం లేదంటే మాత్రం ఆటోమౌంట్, అంటే తనంతట తానే అక్షరం ఇచ్చే ఏర్పాటు ఆగి ఉండవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్‌లో 'డిస్క్‌పార్ట్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత 'ఆటోమౌంట్ ఎనేబుల్' అని కొట్టండి.

పట్టీ పైన నల్లటి గీత ఉండి 'అన్‌అలొకేటెడ్' (ఇంకా దేనికీ కేటాయించని చోటు) అని ఉంటే, ఆ డిస్క్ ఎప్పుడు కొన్నదో గుర్తు చేసుకోండి. ఇవాళే డబ్బా విప్పిన కొత్తదైతే అలా ఉండటం మామూలే. 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కి వాడుకోవచ్చు. నిన్నటిదాకా మీ ఫైళ్లు ఉన్న డిస్క్ అయితే అక్కడే ఆగండి.

పట్టీలో సైజు ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటి పేరు లేదు, లేదా 'రా' (RAW) అని ఉంది, అంటే ఆ పద్ధతిని విండోస్ గుర్తించలేకపోతోంది. ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. మా పక్కింటాయన వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలున్న హార్డ్ డిస్క్ తెచ్చుకున్నారు. ఫొటోగ్రాఫర్ వాటిని మ్యాక్‌లో (యాపిల్ కంప్యూటర్) ఎడిట్ చేసి, మ్యాక్ పద్ధతిలో ఉన్న డిస్క్‌లోనే ఇచ్చాడు. ఆ పద్ధతిని విండోస్ తనంతట తాను చదవలేదు. డిస్క్‌కి ఏ జబ్బూ లేదు. ఎవరో చెప్పారని ఈయన డిలీట్ వాల్యూమ్ నొక్కి, ఆపైన ఫార్మాట్ కూడా చేశారు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఎంత ప్రయత్నించినా కొన్ని ఫొటోలే తిరిగొచ్చాయి. ఆ డిస్క్‌ని ఒక మ్యాక్‌కి పెట్టి, ఫైళ్లు ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోయేది. అందుకే డ్రైవ్ ఎవరైనా ఇచ్చింది అయితే, ఏ కంప్యూటర్‌లో వాడారని ముందు అడగండి. మ్యాక్, లైనక్స్ (విండోస్ బదులు వాడే ఇంకో వ్యవస్థ) రెండూ కాదంటే, ఫైళ్ల పట్టిక దెబ్బతిని ఉండవచ్చు. దాని గురించి వచ్చే పాఠంలో చెబుతాను.

'నో మీడియా' అని ఉంటే రెండు సంగతులు. కార్డు పెట్టని కార్డ్ రీడర్ కూడా అలాగే చూపిస్తుంది, అది తప్పేమీ కాదు. పెన్‌డ్రైవ్‌కే అలా వస్తే, లోపలి కంట్రోలర్ చిప్ మాట్లాడుతోంది కానీ ఫైళ్లు దాచే మెమరీ చిప్ జవాబివ్వడం లేదని అర్థం. ఇంట్లో చేసే చిట్కాలతో ఇది బాగుపడదు. ఫైళ్లు నిజంగా అవసరమైతే డేటా రికవరీ చేసేవాళ్లకి చూపించండి.

అసలు ఏ పట్టీ రాకపోతే మళ్లీ విండోస్ కీ, ఎక్స్ నొక్కి 'డివైస్ మేనేజర్' తెరవండి. పసుపు త్రికోణంతో 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్' అని ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కండి. డ్రైవ్ తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయితే చెవి దగ్గర పెట్టుకుని వినండి. తిరగబోయి ఆగిపోతున్నట్టు ఉంటే కరెంటు చాలకపోవచ్చు. యూఎస్‌బీ 2 పోర్ట్ 500 మిల్లీయాంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3 పోర్ట్ 900 ఇస్తుంది. ఒక పోర్ట్‌ని నాలుగైదు చేసే హబ్ ఉంటే తీసేసి డెస్క్‌టాప్ వెనక పోర్ట్‌లో పెట్టి చూడండి. అక్కడా టిక్ టిక్ చప్పుడు వస్తుంటే లోపలి భాగమే దెబ్బతిని ఉండవచ్చు. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే నష్టం పెరుగుతుంది.

ఆఫీసు కంప్యూటర్‌లో మౌస్ పనిచేస్తూ ఏ పెన్‌డ్రైవూ పనిచేయకపోతే, భద్రత కోసం కావాలనే ఆపి ఉండవచ్చు. అక్కడ మీరేమీ మార్చకుండా సిస్టమ్ అడ్మిన్‌ని అడగండి.

ఈ వారం అభ్యాసం: ముఖ్యమైన ఫైళ్లేవీ లేని మంచి పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని సైజు రెండుసార్లు సరిచూసుకుని, 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్'లో 'రిమూవ్' నొక్కండి. దిస్ పీసీలోంచి అది మాయమవుతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు 'యాడ్' నొక్కి అక్షరం తిరిగివ్వండి, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. రెండు మూడుసార్లు చేయండి, టెన్షన్ పోతుంది.

వచ్చే పాఠంలో 'రా' అని చూపిస్తున్న డ్రైవ్‌లోంచి ఫైళ్లు బయటికి తీయడం నేర్చుకుందాం. మీ డ్రైవ్ అలా ఉంటే అప్పటిదాకా తీసి బీరువాలో పెట్టండి. ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడిగితే 'క్యాన్సిల్' నొక్కండి. దానిలోకి కొత్తగా ఒక్క ఫైలు కూడా వేయకండి.