బేరియాట్రిక్ సర్జరీ తర్వాత వ్యాయామం చేస్తే కోత దగ్గర నొప్పి: సమస్య - పరిష్కారం

బరువు తగ్గించే (బేరియాట్రిక్) ఆపరేషన్లలో ఒకటి ల్యాప్రోస్కోపీ స్లీవ్ సర్జరీ. జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కత్తిరించి తీసేసే ఈ ఆపరేషన్‌కి పొట్ట మీద నాలుగైదు చిన్న కోతలు పెడతారు. అన్నీ ఒకేలా మానవు. కత్తిరించిన జీర్ణాశయ భాగాన్ని బయటికి లాగే కోత 12-15 మి.మీ. ఉంటుంది, లాగేటప్పుడు ఇంకా సాగుతుంది. నెలన్నర తర్వాతా నొప్పి మిగిలేది ఎక్కువగా అక్కడే.

లేచినా, ఒంగినా ఒకే చోట లాగుతోంది, కూర్చుంటే తగ్గుతోంది
కారణం: చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది. దాని కింద కండరాన్ని పట్టి ఉంచే పొర గట్టిపడటానికి నెలలు పడుతుంది. పైకి మానినట్టు కనబడేసరికి తొందరపడతారు.
పరిష్కారం: నడక మానొద్దు. మొదటి ఆరు వారాలు 4-5 కిలోలు మించి ఎత్తొద్దు. నిండు బిందె, చంటిపిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తాయి. క్రంచెస్, ప్లాంక్ లాంటి పొట్ట వ్యాయామాలు సర్జన్ సరేనన్నాకే. కపాలభాతీ అంతే, ప్రాణాయామమే కదా అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది, కానీ అందులో ప్రతి ఊపిరికీ పొట్ట బిగుస్తుంది. మంచం మీంచి పక్కకు ఒత్తిగిలి, చేత్తో ఊతం తీసుకుని లేవండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదలండి. మర్నాడు పొద్దునకి నొప్పి పెరిగి ఉంటే ఆ రోజు వ్యాయామం సగానికి తగ్గించండి. పొట్ట బెల్టు నడకలో హాయిగా ఉంటుంది గానీ, బరువులెత్తడానికి అనుమతి పత్రం కాదు.

మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు చురుకు
కారణం: చర్మపు నరం మచ్చలోనో కుట్టులోనో చిక్కుకోవడం. ఆరు వారాలు దాటాక వెల్లకిలా పడుకుని, నొప్పి చోట వేలు పెట్టి తల ఎత్తండి. నొప్పి పెరిగితే అది చాలావరకు పొట్ట గోడదే, లోపలిది కాదు.
పరిష్కారం: పుండు పూర్తిగా మానాక మచ్చ మీద రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు మెల్లగా మర్దన. మూడు నెలలు దాటినా తగ్గకపోతే సర్జన్‌ని అడగండి, నొప్పి చోట ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

దగ్గితే ఉబ్బు, పడుకుంటే మాయం
హెర్నియా అనుకోవాలి, అంటే పొట్ట గోడలో ఏర్పడ్డ సందులోంచి లోపలి భాగం బయటికి పొడుచుకు రావడం. వ్యాయామంతో పోదు. బరువులు ఆపి స్కాన్ చేయించండి. ఉబ్బు గట్టిపడి, నొప్పితో వాంతులు మొదలైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

జిమ్‌కి ముందు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. జీర్ణాశయంలో అల్సర్ (పుండు) రావచ్చు, గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గించే మరో ఆపరేషన్, గుండె బైపాస్ కాదు) చేయించుకున్నవాళ్లకు మరీ ముప్పు. పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో చాలు.

కోత ఎర్రబడి చీము కారితే సర్జన్‌కి చూపించండి. జ్వరం, కూర్చున్నా నిమిషానికి 120 దాటే గుండె వేగం, ఎడమ భుజంలో నొప్పి ఉంటే మాత్రం కోతను అనుమానించొద్దు. లోపల జీర్ణాశయాన్ని కత్తిరించి పిన్నులతో మూసిన అంచు (స్టేపుల్ లైన్) లీకవుతూ ఉండొచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.