బాస్ గిటార్ ఆంప్‌లో ఆగకుండా హమ్ వస్తోందా? ఎక్కడినుంచో ఇలా పట్టుకోండి

తీగ ముట్టుకోకపోయినా ఆంప్ గుంయ్‌మంటూనే ఉందా? వెంటనే రిపేరుకి మోసుకెళ్లకండి, కొత్త పికప్‌లూ (తీగల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు) కొనకండి. చాలాసార్లు లోపం కేబుల్‌లోనో, గోడ సాకెట్‌లోనో ఉంటుంది. ముందు హమ్ ఎటువైపు నుంచి వస్తోందో తేల్చుకోవాలి.

వాల్యూమ్ తగ్గించి, ఆంప్ ఇన్‌పుట్‌లోంచి కేబుల్ పీకేసి, మళ్లీ వాల్యూమ్ పెంచండి. చాలా ఆంపుల్లో ప్లగ్ తీయగానే ఇన్‌పుట్ దానంతటదే షార్ట్ అవుతుంది కాబట్టి, హమ్ ఆగిపోతే కారణం గిటార్ వైపు ఉన్నట్టు. ఆగకపోతే ఆంప్‌లోనో కరెంటు లైన్‌లోనో ఉన్నట్టు.

గిటార్ వైపైతే మొదట కేబుల్ మార్చండి. స్పీకర్ కేబుల్ చూడ్డానికి గిటార్ కేబుల్‌లాగే ఉంటుంది కానీ లోపల బయటి రొదను అడ్డుకునే షీల్డ్ పొర ఉండదు, అది పెడితే హమ్ ఖాయం. తర్వాత పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు) అన్నీ తీసేసి గిటార్‌ని నేరుగా ఆంప్‌కి పెట్టండి. అప్పుడు హమ్ పోతే, ఒక్కో పెడల్‌నీ 9 వోల్టుల బ్యాటరీతో నడిపి చూడండి, అడాప్టర్‌దే తప్పయితే అక్కడే తెలిసిపోతుంది.

ఇక తీగల మీద చెయ్యి వేయండి. హమ్ తగ్గితే గ్రౌండ్ వైరు బాగానే ఉంది, షీల్డింగే చాలట్లేదు. పికప్ గుంతల్లో కాపర్ టేప్ అతికించి గ్రౌండ్‌కి కలిపితే బాగా తగ్గుతుంది. తీగలు ముట్టుకున్నా మార్పు లేక, కేబుల్ ప్లగ్గు లోహాన్ని ముట్టుకుంటే మాత్రం తగ్గుతోందంటే తీగలు ఆనే బ్రిడ్జి కింద గ్రౌండ్ వైరు ఊడి ఉంటుంది, ఒక్క సోల్డర్ పని. ఈ పరీక్షలో చేతికి జివ్వుమని తగిలితే మాత్రం వెంటనే ఆపేసి ఎర్తింగ్ చూపించండి. ఇంకో మాట, జాజ్ బాస్ అనే మోడల్‌లో రెండు పికప్‌ల వాల్యూమూ సమానంగా పెడితేనే హమ్ కొట్టుకుపోతుంది, ఒకటి తగ్గిస్తే వినిపించడం లోపం కాదు. గిటార్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగినప్పుడు హమ్ మారుతుంటే అది గాల్లోంచి వస్తోంది. ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు ఆపి చూడండి, ఆంప్‌కి కాస్త దూరంగా నిలబడండి.

ఆంప్ వైపైతే మీ చెవే మీటర్. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు తీగల బాస్ మామూలు ట్యూనింగ్‌లో ఉంటే, అన్నిటికన్నా లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర 49 హెర్ట్జ్, సన్న తీగ ఏమీ నొక్కకుండా మీటితే 98. హమ్ లావు తీగ స్వరంతో కలిస్తే ఎర్తింగ్, గ్రౌండ్ లూప్ (కలిపిన రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కి చేరడం), లేదా గాజు గొట్టాలతో పనిచేసే వాల్వ్ ఆంప్ అయితే ఆ గొట్టాలను వేడిచేసే హీటర్ వైరింగ్ వైపు చూడాలి. సన్న తీగతో కలిస్తే పవర్ సప్లైలో కరెంటును నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్ల మీద అనుమానం. మాస్టర్ వాల్యూమ్ కూడా తిప్పి చూడండి. దాంతో హమ్ మారితే లోపం ప్రీఆంప్‌లో (సిగ్నల్‌ని మొదట పెంచే భాగం), మారకపోతే ఆ తర్వాతి భాగంలో.

సాకెట్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా ఎర్త్ రంధ్రం వెనక వైరే ఉండని ఇళ్లు బోలెడు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య సుమారు 230 వోల్టులు రావాలి. ఆంప్ నుంచి మిక్సర్‌కి డీఐ లైన్ (బాస్ సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే లైన్) కలిపినప్పుడే హమ్ మొదలైతే అది గ్రౌండ్ లూప్. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, లేదా డీఐ దగ్గరున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అంతేగానీ హమ్ పోతుంది కదా అని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం ఎప్పుడూ, ఎవరు చెప్పినా చేయొద్దు. లోపల ఏ వైరైనా బాడీకి తగిలిందంటే ఆ కరెంటు కేబుల్ మీదుగా మీ చేతుల్లోని తీగల్లోకి వస్తుంది. ప్రాణాలు పోతాయి.

ఫిల్టర్ కెపాసిటర్లదే తప్పని తేలితే ఆంప్ మీరు విప్పకండి. వాల్వ్ ఆంపుల్లో 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. టెక్నీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు "హమ్ వస్తోంది" అని ఊరుకోకుండా, "కేబుల్ తీసినా ఆగట్లేదు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంది, మాస్టర్ తిప్పినా మారట్లేదు" అని చెప్పండి, ఆయన నేరుగా పవర్ సప్లై దగ్గర మొదలుపెడతాడు.