కారు అమ్మేసినా అదెక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది

పాత కారు అమ్మేసి నాలుగు నెలలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. "వెనక ఎడమ టైరులో గాలి తక్కువగా ఉంది." బయటికెళ్ళి కొత్త కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాను. టైర్లన్నీ నిక్షేపంలా ఉన్నాయి. అప్పుడు వెలిగింది, ఆ మెసేజ్ పాత కారు యాప్ నుంచి వచ్చిందని. తెరిచి చూస్తే మ్యాపులో నీలం చుక్క. నేనెప్పుడూ చూడని వీధిలో, ఎవరింటి ముందో నా కారు, కాదు కాదు, ఆవిడ కారు, ఆగి ఉంది. కింద తాళం తీసే బటన్ కూడా ఉంది.

కారు కొన్నావిడతో నా పరిచయం మహా అయితే గంటన్నర. ఫోన్ చేసి సంగతి చెప్పాను. కాసేపు ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?" అని అడిగింది. ఇవాళే చూశానండీ అన్నాను. ఆ మాట నమ్మించడానికి నా దగ్గరేమీ లేదు.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. ఖాతా మూసేటప్పుడు అటు పద్దూ ఇటు పద్దూ సరిచూసుకోందే నిద్ర పట్టదు. అలాంటిదాన్ని, కారు అప్పజెప్పేటప్పుడు బ్లూటూత్‌లోంచి నా ఫోన్ పేరు తీసేసి పనైపోయిందనుకున్నాను. ఆ సిగ్గుతో వారం రోజులు సాయంత్రాలు కూర్చుని, నా లొకేషన్ ఎవరెవరి దగ్గరుందో ఫోనులోనూ కారులోనూ ఒక్కొక్కటే వెతికి మూశాను. అదంతా మీకోసం రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ. "పైనుంచి శాటిలైట్ చూస్తూనే ఉంటుందమ్మా" అంటారు మా అత్తయ్య. చూడదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ తామెక్కడున్నాయో, టైమెంతయిందో చెబుతుంటాయి, అంతే. రేడియో స్టేషన్ లాగా వాటికి వినేవాళ్ళెవరో తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాటలు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కకట్టి ఫోన్ తానెక్కడుందో తేల్చుకుంటుంది. అక్కడిదాకా గుట్టు ఫోనులోనే ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో మోసుకుపోయేది మనం ఎప్పుడో చూడకుండా "ఓకే" నొక్కిన యాప్. అందుకే మన వెతుకులాటంతా సెట్టింగ్స్‌లోనే.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, లొకేషన్, యాప్ పర్మిషన్లు. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్. యాప్‌లన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. నా ఫోనులో 38 తేలాయి. అందులో ఒకటి టార్చి! ఇంకొకటి ఎప్పుడో ఒకే ఒక్క ఫొటోకి ఫ్రేము కట్టడానికి దించుకున్నది. ఆ పనయ్యాక దాన్ని నేను మర్చిపోయాను, అది మాత్రం నన్ను మర్చిపోలేదు.

"ఆల్వేస్" అని ఉన్న యాప్‌లను ముందు చూడండి. మీరు ఆ యాప్ తెరవకపోయినా అది మీ లొకేషన్ తీసుకోవచ్చని దానర్థం. మ్యాపులకీ క్యాబులకీ "వాడుతున్నప్పుడు మాత్రమే" చాలు. వాతావరణం చెప్పే యాప్‌కి మీ ఊరు తెలిస్తే సరిపోతుంది, మీ గుమ్మం తెలియక్కర్లేదు. దానికి "ప్రెసైస్ లొకేషన్" స్విచ్ ఆపేయండి. ఐఫోన్‌లో అది 2020లో ఐఓఎస్ 14తో, ఆండ్రాయిడ్‌లో 2021లో 12వ వెర్షన్‌తో వచ్చింది. ఆటలకీ టార్చికీ కూపన్ల యాప్‌లకీ అసలేమీ ఇవ్వకండి. తీసేస్తే పని ఆగిపోతుందేమోనని టెన్షన్ పడొద్దు. నిజంగా కావాలంటే ఆ యాప్ తనే మళ్ళీ అడుగుతుంది. నేను 31 తీసేస్తే మళ్ళీ అడిగినవి రెండే.

"పేరు లేకుండా లొకేషన్ ఒక్కటే తీసుకుంటాం" అని రాసుంటుంది చూడండి, ఆ మాట నాకు నచ్చదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది ఫోన్ల కదలికల్ని 15 నెలల పాటు చూశారు. ఒక మనిషి ఏ టైముకి ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని గుంపులోంచి వేరు చేయగలిగారు. రాత్రుళ్ళు మీ ఇంట్లో, పగలు మీ ఆఫీసులో ఉండే ఫోన్ లోకం మొత్తం మీద ఇంకెవరిదవుతుంది? పనిలో పనిగా ప్రకటనల ఐడీ, అంటే ప్రకటనలవాళ్ళు మీ ఫోనుని గుర్తుపట్టే నంబరు, దాని సంగతి కూడా చూసేయండి. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ కింద "యాడ్స్"లో దాన్ని డిలీట్ చేయొచ్చు. ఐఫోన్‌లో "ట్రాకింగ్"లోకి వెళ్ళి, అడిగే వీలే లేకుండా ఆపేయొచ్చు.

గూగుల్ అకౌంటులో రెండు స్విచ్‌లున్నాయి. చాలామంది ఒకటే ఆపి ఊరుకుంటారు. ఒకటి టైమ్‌లైన్, పాత పేరు లొకేషన్ హిస్టరీ. రెండోది వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ. మొదటిది ఆపినా రెండోది లొకేషన్ దాస్తూనే ఉందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. దాని మీద 40 అమెరికన్ రాష్ట్రాలతో 2022లో గూగుల్ 39.15 కోట్ల డాలర్లకి రాజీ పడింది. "డేటా అండ్ ప్రైవసీ"లోకి వెళ్ళి రెండూ చూడండి. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే, మూడు నెలలు దాటింది దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. నేను అలాగే పెట్టుకున్నాను. ఫలానా తేదీన ఎక్కడికెళ్ళానో నాక్కూడా అప్పుడప్పుడూ కావాలిగా!

ఫొటోల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కెమెరాకి లొకేషన్ పర్మిషన్ ఉంటే ప్రతి ఫొటోలోనూ తీసిన చోటు దాగి ఉంటుంది. పోలీసుల నుంచి తప్పించుకు తిరుగుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని 2012లో తెలిసింది, ఒక పత్రిక పెట్టిన ఫొటోలోంచే.

ఇక కారు. ఫోను సెట్టింగ్స్ అంటే మనకి కాస్తో కూస్తో అలవాటు. కారు విషయంలో ఆ ధ్యాసే ఉండదు. కొత్త కార్లలో చాలావాటికి సొంత సిమ్ ఉంటుంది. మీ ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్ళినా కారు కంపెనీతో మాట్లాడుకోగలదు. దాని పైన కంపెనీ యాప్, మీరు కలిపిన ఫోను. కొందరు ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చే డబ్బా కూడా స్టీరింగు కింద తగిలించుకుంటారు. ఇవన్నీ వేర్వేరు దారులు. ఒకటి మూస్తే ఇంకొకటి మూసుకోదు.

2024 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ గ్రూపుకి చెందిన సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం, క్లౌడ్‌లో సరైన కాపలా లేకుండా పడి ఉందని బయటపడింది. వాటిలో దాదాపు 4 లక్షల 60 వేల కార్లు ఎక్కడెక్కడ ఆగాయో కచ్చితంగా కనిపించింది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంగతి ఇంకోరకం. గట్టిగా బ్రేకు వేయడం, వేగంగా నడపడం లాంటివి లెక్కపెట్టి లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే, సమాచారం అమ్ముకునే సంస్థలకిచ్చింది. అక్కణ్ణుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకి చేరాయి. న్యూయార్క్ టైమ్స్ 2024 మార్చిలో రాసేదాకా నడిపే తీరుకి స్కోరిచ్చే ఆ పథకంలో తామున్నట్టే చాలామందికి తెలియదు. 2023లో మొజిల్లా సంస్థ 25 కార్ల బ్రాండ్లను ప్రైవసీ విషయంలో పరీక్షించి అన్నిటినీ ఫెయిల్ చేసింది.

కాబట్టి కారు ఆపుకుని, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, స్క్రీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. "కనెక్టెడ్ సర్వీసెస్", "డేటా షేరింగ్", "ప్రైవసీ" ఇలాంటి మాటల కోసం వెతకండి. తర్వాత యాప్‌లో కూడా అదే వెతుకులాట, అక్కడ వేరే స్విచ్ ఉంటుంది. "డ్రైవింగ్ స్కోర్" అని నక్షత్రాలిచ్చే ఫీచర్ ఉంటే మొదట అదే ఆపేయండి. నేనెలా నడుపుతానో పక్క సీట్లో కూర్చుని మా ఆయన రోజూ ఉచితంగానే చెబుతారు.

అత్యవసర కాల్ మాత్రం ముట్టుకోకండి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్ళకి ఈకాల్ తప్పనిసరి. మామూలప్పుడు నిద్రపోతూ, ప్రమాదం జరిగినప్పుడే లొకేషన్ పంపేలా దాన్ని తయారుచేశారు. దొంగతనమైతే కారుని వెతికే సదుపాయం మీద మాత్రం మా ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. నేను తీసేద్దామన్నాను. "కారు పోయాక నీ ప్రైవసీని ఎక్కడ పార్క్ చేస్తావు?" అన్నారాయన. అది ఉంచి, డ్రైవింగ్ డేటా ఆపేశాం. ఈ విషయంలో ఆయనే గెలిచారని ఒప్పుకుంటున్నాను.

కారు అమ్మేటప్పుడు చేయాల్సిన పనులకి వరస ముఖ్యం. నేను తప్పింది అక్కడే. మొదట యాప్‌లోకి వెళ్ళి మీ అకౌంట్ నుంచి కారుని తీసేయాలి. స్క్రీన్ రీసెట్ చేస్తే కారులో ఉన్నది చెరుగుతుంది గానీ, కంపెనీ సర్వర్‌లో "ఈ కారు ఫలానా ఆవిడది" అనే పద్దు అలాగే ఉండిపోవచ్చు. ఇంట్లో ఇంకెవరి ఫోనులోనైనా డిజిటల్ తాళం ఉంటే అదీ రద్దు చేయండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. దాంతో ఫోన్ నంబర్లు, కాల్ లిస్టు, నావిగేషన్‌లో వెళ్ళొచ్చిన చోట్లు పోతాయి. పోయాయో లేదో ఒకసారి కళ్ళారా చూడండి. డాష్‌క్యామ్ ఉంటే దాని మెమరీ కార్డు తీసుకోండి. ఆ రాత్రి యాప్ తెరిచి చూడండి. కారు ఇంకా కనిపిస్తుంటే పని అవ్వలేదన్నమాట, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సిందే.

పాత కారు కొనేవాళ్ళు అమ్మినవాళ్ళ మాట మీద వదిలేయకండి. తాళాలు చేతికొచ్చిన రోజే మీ పేరున అకౌంట్ తెరిచి చాసిస్ నంబరుతో కారుని కలుపుకోండి. పాత యజమాని ఇంకా అందులోనే ఉంటే చాలా కార్లలో అప్పుడే తెలిసిపోతుంది. అద్దె కారుకైతే ఫోన్ కలపకపోవడమే మేలు. ఛార్జింగ్‌కి యూఎస్‌బీ కాకుండా సిగరెట్ లైటర్ సాకెట్ వాడండి, అందులోంచి డేటా పోదు. కలపక తప్పకపోతే, తిరిగిచ్చేటప్పుడు జాబితాలోంచి మీ ఫోన్ తీసేయండి.

మనుషులకిచ్చిన లొకేషన్ కూడా ఒకటుంది. మా అమ్మాయి ఒకసారి స్టేషన్‌కి వస్తూ లైవ్ లొకేషన్ పంపింది, ఏడాది తర్వాత కూడా అది నడుస్తూనే ఉంది. పంపేటప్పుడే గంట అనో, ఎనిమిది గంటలనో గడువు పెట్టండి. మీది కాని ట్రాకర్ ట్యాగ్, అంటే వస్తువు ఎక్కడుందో చెప్పే చిన్న బిళ్ళ, మీతోపాటు కదులుతుంటే ఐఫోన్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ హెచ్చరిస్తాయి. దాన్ని కొట్టిపారేయకుండా బ్యాగు, సీటు కింద, డిక్కీ వెతకండి. ఒక్క జాగ్రత్త. మిమ్మల్ని భయపెట్టే మనిషే ఇంట్లో ఉండి కాపలా కాస్తున్నాడనుకుంటే, పైన చెప్పినవన్నీ ఒక్కసారిగా ఆపేయకండి. ఆపిన సంగతి అవతలివాళ్ళకి వెంటనే తెలిసిపోవచ్చు. ముందు వేరేవాళ్ళ ఫోన్ నుంచి సాయం అడగండి.

ఇన్ని చేసినా సెల్ టవర్‌కి మీరెక్కడున్నారో తెలుస్తూనే ఉంటుంది. ఏ టవర్ దగ్గరున్నారో తెలియకపోతే కాల్ రాదు మరి. అమెరికాలో కార్పెంటర్ అనే ఆయన మీద పోలీసులు 127 రోజులకి 12,898 టవర్ లొకేషన్లు సంపాదించారు. అలాంటి రికార్డులకి మామూలుగా వారెంట్ ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఫోన్ వాడుతూ దీన్ని తప్పించుకునే దారి లేదు.

ఆ ఆదివారం సంగతి సగంలో వదిలేశాను. ఆవిడ లైన్‌లో ఉండగానే యాప్‌లోంచి కారుని తీసేశాను. నీలం చుక్క మాయమైంది. ఆవిడ కారులో కూర్చుని రీసెట్ కోసం వెతుకుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఒక్క నిమిషమండీ, నావిగేషన్‌లో ఇల్లు అని ఒక బటన్ ఉంది. నేనెప్పుడూ నొక్కలేదు." నొక్కింది. స్పీకర్‌లోంచి ఆ కారు గొంతు, నాకు ఆరేళ్ళు అలవాటైన గొంతు, మా వీధి పేరు చెప్పడం ఫోనులోంచి నాకు స్పష్టంగా వినపడింది.

"అయితే చెల్లుకు చెల్లు" అంది ఆవిడ నవ్వుతూ, రీసెట్ నొక్కింది.