ముందు పాదాలు చూడండి

హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) మైదానంలో సాయంత్రం గోడవారన నిలబడితే తల్లిదండ్రుల కేకలే వినిపిస్తాయి. “చెయ్యి గట్టిగా విసురు!” “పెద్ద అడుగు వెయ్యి!” వ్యాయామ ఉపాధ్యాయురాలిగా మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ అలాగే అరిచాను. ఇప్పుడు అరవడం మానేసి పిల్లల పాదాలు చూస్తున్నాను.

మొదట ఇంట్లోనే ఒక పరీక్ష. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు ముందుకు చాపి కూర్చోండి. ఒళ్లు వంచకుండా లేవండి చూద్దాం. లేవలేరు. శరీరం బరువంతా కూడినట్టు లెక్కవేసే గురుత్వ కేంద్రం, నిలబడినప్పుడు దాదాపు బొడ్డు కింద ఉంటుంది. అక్కడి నుంచి జారే నిలువు గీత పాదాల మీద పడితేనే నిలబడగలం. బతుకమ్మను తలకెత్తుకున్న ఆడవాళ్లు మెడ కదపకుండా చిన్న అడుగులు వేసేది ఇందుకే.

పరుగులో పెద్ద అడుగు వెయ్యమంటే పాదం తుంటికి చాలా ముందు పడుతుంది. పాదం నేలను ముందుకు తోస్తే నేల మనిషిని వెనక్కి తోస్తుంది. అంటే అడుగడుగునా బ్రేకు వేసుకుంటున్నట్టే. కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం)లో కాంస్యం గెలిచాక, మా బడిలో అందరికీ పరుగే కావాలి. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పాదాన్ని మీ కిందకు తెచ్చుకుని నేలను వెనక్కి తొయ్యండి.

బరువు ఎత్తడం నాకన్నా ఎనుమాముల మార్కెట్ హమాలీలకు బాగా తెలుసు. బస్తాను వీపుకు అంటించుకునే నడుస్తారు. లెక్క చూడండి. నడుము కండరాలు వెన్నెముక కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. 20 కిలోల సంచిని ఆ కీలుకు 50 సెంటీమీటర్ల దూరాన, అంటే పది రెట్ల దూరాన పట్టుకుంటే వాటిపై పడే భారం 200 కిలోలు. 20 సెంటీమీటర్లకు దగ్గరగా తెచ్చుకుంటే 80. మన ఒంటి బరువు దీనికి అదనం.

ఇక దూకడం. ఇక్కడ నాకు కొంచెం కోపం ఉంది. చదువుకునే రోజుల్లో మమ్మల్ని ఇసుక గట్టిపడిన గుంటలోకి దూకించారు. నా ఎడమ మోకాలు ఇప్పటికీ మెట్లు దిగనివ్వదు. అర మీటరు ఎత్తు నుంచి దూకి, కాళ్లు బిగదీసి 5 సెంటీమీటర్లలోనే ఆగితే నేల సగటున ఒంటి బరువుకు 11 రెట్ల బలంతో తిప్పికొడుతుంది. తుంటి, మోకాలు, చీలమండ వంచుతూ 25 సెంటీమీటర్లలో ఆగితే 3 రెట్లే. దీనికి పరికరమేమీ అక్కర్లేదు, వెనక్కి తిరిగి నిలబడి వినండి. “ధబ్” అంటే మళ్లీ దూకించండి. పిల్లిలా దిగితే సరే. తర్వాత ఎదురుగా నిలబడి మోకాళ్లు చూడండి. దిగేటప్పుడు అవి లోపలికి వాలుతుంటే, ముఖ్యంగా అమ్మాయిల్లో, ఎత్తు తగ్గించండి. మోకాలి లిగమెంటుకు ఆ వంపే ముప్పు.

షాట్‌పుట్‌లో చేతినే నమ్ముకున్న తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఉండేవాడు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి గుండు నెట్టమన్నాను. తర్వాత నిలబడి నెట్టమన్నాను. రెండు గుర్తుల మధ్య దూరం చూసి తనే నవ్వాడు. ఆ తేడా కాళ్లది. వెనక పాదం తిరగాలి, తర్వాత తుంటి, ఆ తర్వాత ఛాతీ, చిట్టచివర చెయ్యి. తుంటికన్నా ముందే భుజం తిరిగిందంటే బలం మధ్యలోనే ఆవిరైనట్టు. గుండును 45 డిగ్రీల కోణంలో నెట్టాలని మా సైన్సు మాస్టారు పట్టుబడతారు గానీ, గుండు బయల్దేరేది నేల నుంచి కాదు, భుజం పైనుంచి. పైగా నిటారుగా నెట్టేకొద్దీ మనిషి గుండుకు ఇవ్వగల వేగం తగ్గుతుంది. అందుకే మంచి విసురు సాధారణంగా 35, 40 డిగ్రీల మధ్య ఉంటుంది.

అనుమానముంటే ఫోనును పక్క నుంచి, నడుము ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో తీయండి. మొదటిసారి చూసేటప్పుడు తెర పైసగాన్ని అరచేత్తో మూసేయండి.